పోతులయ్య లేవలేదంటే ఏమీ కాదు

హిందూపురంలో మా అంగడికి వస్తే, గల్లాపెట్టె వెనక గోడకు ఒక తెగిన బెల్టు కనిపిస్తుంది. కొత్త బెల్టులన్నీ పక్క గోడ కొక్కేలకు సైజుల వారీగా వేలాడుతుంటాయి. ఇదొక్కటి మాత్రం దేవుడి పటం కింద ఉంటుంది. "అమ్మేది బెల్టులు, వచ్చినోళ్ళకు చూపించేది తెగిపోయింది. ఇట్లాంటి శెట్టిని యాడా చూడలేదు" అని మా ఆవిడ సావిత్రమ్మ మూడేళ్ళుగా పోరు పెడుతోంది. ఆమె చెప్పేది న్యాయమే. అయినా నేను దాన్ని తీయను.

భాస్కరయ్య అంగడి బెల్టులు నమ్మకం లేదని ఊళ్ళో కొందరు ఇప్పటికీ అంటుంటారు. ఆ మాట పుట్టించింది నేనే. మా నాయన కాలం నుంచి డెబ్బై ఏళ్ళుగా నిలబెట్టుకున్న పేరును నా నోటితో నేనే ఎందుకు పోగొట్టుకున్నానో చెప్పాలంటే పోతులయ్య గురించి చెప్పాలి. ఆయన ఫ్యాన్ల ఫిట్టరు. ఇన్నాళ్ళూ ఆయన వద్దన్నాడు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల టీ తాగుతూ తనే, "రాస్కో శెట్టీ, ఇంగ నాకేం పోయేదుండాది" అన్నాడు. నాకు కథలు రాయడం రాదు, బెల్టులు అమ్మడం వచ్చు. కాబట్టి బెల్టు దగ్గరే మొదలుపెడతాను.

షెడ్లలో, మిల్లుల్లో పెట్టే పెద్ద ఫ్యాన్లు రెండు రకాలు. ఒకదాంట్లో రెక్కలు మోటరు ఇరుసుకే బిగించి ఉంటాయి. మోటరు ఎంత తిరిగితే రెక్కలూ అంతే తిరుగుతాయి. దాన్ని డైరెక్టు ఫ్యాను అంటారు. రెండోదాంట్లో మోటరు ఒక పక్క, ఫ్యాను ఒక పక్క, రెండింటికీ చెరొక పుల్లీ, మధ్యలో బెల్టు. పుల్లీ మారిస్తే గాలి వేగం మారుతుంది. మోటరును ఆవిరికీ దుమ్ముకూ దూరంగా పెట్టుకోవచ్చు. అయితే బెల్టు సాగుతుంది, జారుతుంది, తెగుతుంది, కొంత కరెంటును దారిలోనే తినేస్తుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషికి బెల్టు అమ్మడానికి నాలాంటివాడు కావాలి. నన్నడిగితే బెల్టు ఫ్యానుకున్న గొప్ప గుణం అదే.

నా చిన్నతనంలో ఊళ్ళో ఉన్నవన్నీ బెల్టు ఫ్యాన్లే. నూనె మిల్లులు, శనక్కాయల మిల్లులు, పట్టుగూళ్ళ నుంచి నూలు తీసే రీలింగు షెడ్లు, అన్నిచోట్లా అవే. పొద్దున ఆరున్నరకు ఒకదాని వెనక ఒకటి మొదలయ్యేవి. మా నాయన దుప్పటి తీయకుండానే, "నూనె మిల్లు లేసింది, సుగుణమ్మోళ్ళది ఇంకా లేయలేదు" అనేవాడు. ఆ చప్పుడులో నేను పళ్ళు తోముకున్నాను, బడికి పోయాను, పెళ్ళి చేసుకున్నాను. ఇప్పుడు మా సందులో పొద్దున ఏ చప్పుడూ ఉండదు. అందరూ హాయిగా ఉందంటారు. నాకు మాత్రం బేజారుగా ఉంటుంది, ఏదో అంగడి తెరవడం మరిచిపోయినట్టు ఉంటుంది.

పోతులయ్య మా అంగడికి మొదటిసారి వచ్చింది ఎనభై తొమ్మిదిలో. గోరంట్ల దగ్గర ఒక పల్లెలో సేద్యం చేసుకునే ఇంటి పిల్లవాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేస్తే ఎద్దులనూ బండినీ అమ్మేసి, సుగుణమ్మ రీలింగు షెడ్డులో పనికి కుదిరాడు. కుదిరిన వారానికే న్యూస్‌పేపర్లో ఏదో చుట్టుకుని మా గల్లా ముందు నిలబడ్డాడు. కాగితమంతా నూనె.

"ఏమైందప్పా దీనికి?" అన్నాను.

"కీచుమని అరుస్తా ఉండె సామీ. ఆముదం పెట్టినా."

"ఎంత పెట్టినావు?"

"గిద్దెడు. అప్పుడికీ నిలవకపోతే ఇంగో గిద్దెడు."

నవ్వలేక కళ్ళలో నీళ్ళొచ్చాయి నాకు. బండి చక్రం అరిస్తే ఇరుసుకు ఆముదం పోసే ఊరినుంచి వచ్చినవాడు బెల్టుకూ పోశాడు. బెల్టు పుల్లీలో నిలవక ఎగిరి గోడకు కొట్టుకుందట. మా నాయన మాత్రం నవ్వలేదు. పోతులయ్యను లోపలికి పిలిచి, కొత్త బెల్టు చేతికిచ్చి చెప్పాడు. "ఇరుసుకు జారుడు కావాల. బెల్టుకు పట్టు కావాల. బెల్టు అరుస్తాండాదంటే పట్టు తప్పి జారుతాండాదని. జారేదానికి నూనె పోస్తే ఇంగేముందప్పా?"

పోతులయ్య తల వంచుకుని విన్నాడు. "అయితే సామీ, అది అరిచేది మనల్ని పిల్చేదానికా?" అన్నాడు.

మా నాయనకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆ పూట ఆయనకు టీ తెప్పించాడు. మా నాయన ఊరికే టీ తెప్పించే మనిషి కాదు. అప్పటినుంచి మా అంగడిలో పొద్దున రెండో టీ పోతులయ్యతోనే.

ఆయన పని నేర్చుకున్నది చేతులతో కంటే చెవులతో. బెల్టు వదులైతే ఒక చప్పుడు, రెండు పుల్లీలు సూటిగా లేకపోతే ఇంకో చప్పుడు, బేరింగు ఎండితే మరొకటి. ఐదేళ్ళు తిరిగేసరికి మా అంగడి మెట్టు మీద కూర్చుని మూడు సందుల అవతలి మిల్లు సంగతి చెప్పేవాడు. "నూనె మిల్లుది రేపు మధ్యాన్నం దాకా రాదు శెట్టీ, బెల్టు తీసి పెట్టు" అన్నాడొకసారి. నాకూ పట్టుదలే కదా, వస్తుందని పందెం కట్టాను. మర్నాడు పొద్దున తొమ్మిదికి నూనె మిల్లు మనిషి వచ్చి బెల్టు అడిగాడు. ఆ వారమంతా టీలు నావే.

ఆయుధపూజనాడు సుగుణమ్మ షెడ్డులో ఫ్యానుకు ఆయనే పూజ చేసేవాడు. బెల్టు మీద ఒకచోట పెద్ద కుంకుమ బొట్టు పెట్టి, నిదానంగా తిప్పి, బొట్టు ఎన్నిసార్లు వచ్చిపోతోందో లెక్కపెట్టేవాడు. పూజ అయిందా, బెల్టు జారుడు ఎంతో తెలిసిందా, రెండు పనులూ ఒకేసారి. పూలు, టెంకాయ, అన్నీ మా అంగడి ఖర్చే.

పెనుకొండ శనక్కాయల మిల్లులవాళ్ళు పిలిచేవాళ్ళు. ధర్మవరం రంగుల అద్దకం షెడ్లవాళ్ళు పిలిచేవాళ్ళు. నేనూ ఆయనా కలిసి బస్సులో పోయేవాళ్ళం. నాలుగైదు బెల్టులు భుజానికి వేసుకుని ఎక్కితే కండక్టర్లు, "ఏమప్పా, పాములోళ్ళా మీరు?" అని ఎగతాళి చేసేవాళ్ళు. పెనుకొండలో దిగి వేడి బజ్జీలు తిని, ఇంకో బస్సెక్కి ధర్మవరం. దారి పొడవునా నేను మాట్లాడేవాణ్ణి, ఆయన వినేవాడు. నా జీవితంలో నా మాటలు అంత ఓపికగా విన్నవాళ్ళు ఇంకెవరూ లేరు, సావిత్రమ్మతో సహా.

ఎన్ని ఊళ్ళు తిరిగినా ఆయన అసలు చోటు సుగుణమ్మ షెడ్డే. సుగుణమ్మ మాకు దూరపు బంధువు, వ్యాపారంలో మగవాళ్ళకంటే గట్టిది. ఆ షెడ్డులో ముప్పై బేసిన్లు. ఒక్కో బేసిను ముందు ఒక్కో ఆడమనిషి, మరిగే నీళ్ళలో పట్టుగూళ్ళు, వాటి కొసలు వేళ్ళతో పట్టి నూలు తీస్తుంటారు. పురుగుల వాసన, ఆవిరి. ఆ ఆవిరిని బయటికి లాగేది గోడలోని నాలుగడుగుల ఫ్యాను. అది ఆగితే పది నిమిషాల్లో ఎదురుగా ఉన్న మనిషి కనపడదు, ఊపిరాడదు.

అక్కడొక అలవాటు ఉండేది. ఫ్యాను ఏమాత్రం తేడాగా మోగినా ఆడవాళ్ళు ఫ్యాను వైపు చూసేవాళ్ళు కాదు, పోతులయ్య వైపు చూసేవాళ్ళు. ఆయన లేచాడా, ఏదో ఉందని. లేవలేదా, ఏమీ లేదని. అందరికంటే పాత మనిషి బాలనాగమ్మ. కొత్తగా పనికొచ్చిన అమ్మాయి ఎవరైనా చప్పుడుకు బెదిరితే, "పోతులయ్య లేయలేదంటే ఏమీ కాదు పాపా, నువ్వు నూలు తియ్యి" అనేది. ముప్పై ఏళ్ళపాటు ఆ మాట ఒక్కసారి కూడా తప్పు కాలేదు.

తప్పింది రెండువేల ఇరవై రెండు ఏప్రిల్‌లో. ఎండలు మండిపోతున్న మధ్యాహ్నం షెడ్డులో బెల్టు తెగింది. తెగిన బెల్టు ఎవరికీ తగల్లేదు కానీ, ఆవిరి కమ్మేసింది. అందరూ వాకిలి వైపు పరుగెత్తారు. బాలనాగమ్మ ఉక్కకు కళ్ళు తిరిగి బేసిను మీదికి పడింది. కుడి చెయ్యి మోచేతి దాకా మరిగే నీళ్ళలో మునిగింది. రెండు నెలలు ఆస్పత్రీ ఇల్లూ తిరిగాక చెయ్యి నిలబడింది కానీ, రెండు వేళ్ళు ఇక వంగవు. ముప్పై ఏళ్ళు పట్టు కొసలు పట్టిన వేళ్ళు. ఇప్పుడామె గూళ్ళు ఏరే పని చేస్తోంది.

మర్నాడు సుగుణమ్మ నన్ను పిలిపించింది. "ఏమబ్బా భాస్కరా, నీ బెల్టు మూడు నెలలు కూడా రాలేదే" అంది. నేను తెగిన బెల్టును ఇంటికి తెచ్చుకుని వెలుతురులో పెట్టి చూశాను. బి డెబ్బై ఎనిమిది సైజు. రెండు పక్కలూ నల్లగా గాజులా మెరుస్తున్నాయి, ఒకచోట కాలిన గుర్తు. సరుకు చెడ్డదైతే అట్లా ఉండదు. వదులై, జారి జారి, కాలి తెగింది. అంత జారిందంటే కనీసం నాలుగు రోజులు కీచుమని అరిచి ఉంటుంది. మూడు సందుల అవతలి బెల్టు వినే మనిషి పక్కనే కూర్చుని ఏం చేస్తున్నట్టు?

ఆ మాట ఆయనే సుగుణమ్మతో చెప్తాడని ఎదురుచూశాను. శెట్టి బెల్టు తప్పు కాదు, నేనే చూసుకోలేదు అని ఒక్క మాట. చెప్పలేదు. వారం తర్వాత సుగుణమ్మ, నేను, ఆయన షెడ్డులో నిలబడి ఉన్నప్పుడు, ఇప్పుడేం చేద్దామని ఆమె అడిగింది. పోతులయ్య నా మొహం చూడకుండా అన్నాడు.

"బెల్టు వద్దమ్మా. డైరెక్టు పెట్టు. పెద్దది ఒగటి కాదు, సిన్నవి రెండు పెట్టు. ఒగటి నిల్చినా ఇంగోటి తిరుగుతా ఉంటాది. మోటరు మాత్రం ఆవిరి పోకుండా మూసిందే తీస్కో."

నాకు చెవుల్లో పొగలొచ్చాయి. "గాలి తగ్గించాలంటే డైరెక్టులో ఎట్లప్పా? పుల్లీ మార్చేదానికి ఉండాదా దాంట్లో?"

"ఆవిరి లాగేదానికి తగ్గించే పనేముండాది శెట్టీ."

"మోటరు నేరుగా ఆవిరిలోనే ఉంటాదే. కాలిపోతే?"

"అందుకే మూసింది తీస్కోమంటాండా. అందుకే రెండు పెట్టమంటాండా."

అన్నింటికీ జవాబుంది. జవాబు ఉండడమే నాకు మంట. ముప్పై మూడేళ్ళు మా ఇద్దరినీ బతికించిన బెల్టును ఒక్క మాటతో గోడలోంచి పీకి పారేయమంటున్నాడు. బయటికొచ్చాక, కూలివాళ్ళూ టీ అంగడివాళ్ళూ అందరూ చూస్తుండగా అడిగేశాను.

"ఆ ఫ్యాన్ల కంపెనీవాళ్ళ కాడ ఎన్ని దుడ్లు తిన్నావప్పా?"

పోతులయ్య నా పెదాల వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాడు. "నీ ఇష్టం శెట్టీ. ఎట్లనన్నా అనుకో" అని వెళ్ళిపోయాడు.

నేను అంతటితో ఊరుకున్నానా? ఊరుకునే నోరా నాది? అంగడికొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. పోతులయ్య కమిషనుకు అమ్ముడుపోయాడని హిందూపురం అంతా పాకింది. రెండు మిల్లులు ఆయన్ను పిలవడం మానేశాయి. సుగుణమ్మ షెడ్డులో రెండు డైరెక్టు ఫ్యాన్లు బిగించారు. వాటికి బెల్టు లేదు కాబట్టి ఆయుధపూజనాడు ఆడవాళ్ళు స్విచ్చు పెట్టెకు బొట్టు పెట్టారట. పదకొండు నెలలు మా ఇద్దరికీ మాటల్లేవు. పొద్దున రెండో టీ తెప్పించుకుని ఒక్కణ్ణే సగం తాగి పారబోసేవాణ్ణి. మా ఆవిడ చూసి, "మాట అనేసి టీ మీద కోపమెందుకు?" అనేది.

మరుసటేడు మార్చిలో ఆర్డర్ల కోసం ధర్మవరం పోయాను. అక్కడ మహేష్ అనే కుర్రాడు వాళ్ళ నాయన తర్వాత అద్దకం షెడ్డు చూసుకుంటున్నాడు. రంగులో ముంచి తీసిన పట్టు నూలు చిలపలు వెదురు బొంగులకు వేలాడుతుంటే, బెల్టు ఫ్యాను వాటి మీదికి మెల్లగా గాలి విసురుతోంది. పాత ఫ్యానే, కొత్త బెల్టు.

"నువ్వింకా డైరెక్టు పెట్టలేదేమప్పా, ఇప్పుడంతా అదే కదా?" అన్నాను వెటకారంగా.

"పెడతామనే అనుకుంటిమి శెట్టీ. పోతులయ్య మామ వద్దన్యాడు. తడి చిలపలకు గాలి జోరైతే చిక్కు పడతాయంట. వానాకాలం ఒగ పుల్లీ, ఎండాకాలం ఒగ పుల్లీ పెట్టుకుంటే బెల్టుదే మేలంట. బెల్టులు భాస్కరయ్య శెట్టి కాడే తీస్కో, ఇంగ యాడా తీస్కోవద్దు అన్యాడు. ఇంగోటి కూడా చెప్పినాడు. బెల్టు అరిస్తే నా కోసం చూడొద్దు, ముందు ఆపేసి అప్పుడు నాకు చెప్పండి అని."

మహేష్ టీ ఇచ్చాడు. గ్లాసు పక్కన పెట్టాను. కమిషను తిన్నవాడు ఇక్కడెందుకు తినలేదు? పదకొండు నెలలుగా నేను ఊరంతా తిడుతుంటే నా అంగడికే బేరం ఎందుకు పంపించాడు?

తిరుగు ప్రయాణంలో పెనుకొండ బస్టాండులో బస్సు మారాలి. దిగగానే చూశాను, పోతులయ్య. చేతిలో స్పానర్ల సంచి, నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. వెనకనుంచి "పోతులయ్యా" అని పిలిచాను. తిరగలేదు. ఇంకొంచెం దగ్గరికెళ్ళి పిలిచాను. తిరగలేదు. మూడోసారి పిలిచాను. బస్టాండులో అందరూ తిరిగి చూశారు, ఆయన తప్ప. సరే, నేనన్నదానికి బదులు తీర్చుకుంటున్నాడు, తీర్చుకోనీ అని వెనక్కి మళ్ళబోయాను.

అంతలో ఒక బస్సు వెనక్కి వస్తోంది. కండక్టరు పక్కన నడుస్తూ ఊపిరంతా పెట్టి విజిల్ ఊదుతున్నాడు. జనం పక్కకు జరిగారు. పోతులయ్య జరగలేదు. బస్సు ఆయన వీపు మీదికి వస్తోంది, విజిల్ మోగుతూనే ఉంది, ఆయన ఎదురుగా ఉన్న బోర్డు చదువుకుంటున్నాడు. నేను పరుగెత్తి కాలరు పట్టుకుని ఇవతలికి లాగాను. ఇద్దరం కింద పడ్డాం. స్పానర్లు నేల మీద చెల్లాచెదురయ్యాయి.

ఆయన నన్ను చూశాడు. బస్సును చూశాడు. కండక్టరు నోట్లో ఉన్న విజిల్ చూశాడు. మళ్ళీ నన్ను చూసి తల దించుకున్నాడు.

"విజిలు ఇనపడల్యా నీకు?" అన్నాను.

"లేదు శెట్టీ."

బెంచీ మీద కూర్చోబెట్టి టీ తెచ్చాను. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, నేలకేసి చూస్తూ చెప్పాడు.

"సన్న చప్పుళ్ళు పోయి మూడేండ్లాయ. లావు చప్పుళ్ళు ఇనిపిస్తాయి. మనిషి దగ్గరుండి మాట్లాడితే పెదాలు చూసి కొంత, ఇని కొంత, నెట్టుకొస్తాండా. పిట్టలు లేవు. మా మనమరాలు అవతలి గదిలోంచి పిలిస్తే లేదు. బెల్టు అరుపు లేదు. ఆ పొద్దు అది అరుస్తాండాదని నాకు తెల్దు శెట్టీ. నేను టీ తాగుతాండా. ఆడోళ్ళందరూ నా దిక్కు చూస్తాండారు. ఎందుకు చూస్తాండారబ్బా అనుకుంటి. నేను లేయలేదు. నేను లేయలేదని వాళ్ళూ లేయలేదు."

నేను స్పానర్లు ఒక్కొక్కటే సంచిలో వేశాను.

"ఎన్ని దినాలు అరిచిందో అది" అన్నాడు.

నాలుగు రోజులని నాకు తెలుసు. తెలియదన్నాను.

"సుగుణమ్మకు చెప్పుకోవచ్చు కదప్పా?"

"చెప్పేదానికే పోతి. నోరు రాల్యా. చెవులు చూసి కూడు పెట్టినారు నాకు. అవి లేవంటే నేనేంది? అందుకే, ఎవరూ ఇనే పని లేని ఫ్యాను పెట్టమంటి. ఒగటి నిల్చినా ఇంగోటి ఉంటాది. నేను లేసినా లేయకపోయినా ఆ ఆడోళ్ళకు గాలి ఉంటాది."

"నేను అంత మాట అంటే ఎందుకు పడినావు?"

"చెవిటోడు అనేదానికంటే దుడ్లు తిన్యాడు అనేదే మేలనిపించె. ఎవరికీ చెప్పొద్దు శెట్టీ. ధర్మవరంలో ఇంగా నాలుగు షెడ్లు నన్ను నమ్ముకోనుండాయి. ఆడ చేత్తో తాకి చూసి పని చేస్తాండా. అరుపు వాళ్ళే ఇనుకుంటారు."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. హిందూపురం బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. జీవితంలో మొదటిసారి ఆ దారిలో నేనేమీ మాట్లాడలేదు. ఏడుపొచ్చింది, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇంటికొచ్చాక నిద్ర లేదు, అన్నం లేదు. ఊరంతా మోసిన నింద నాది, దింపాల్సిందీ నేనే. ఊరికే "పోతులయ్య తప్పేం లేదు" అంటే ఎవరు నమ్ముతారు? మరి బెల్టు ఎందుకు తెగింది, పక్కనే ఉన్న ఆయన ఎందుకు లేవలేదు అని అడుగుతారు. నిజం చెప్తే ఇచ్చిన మాట పోతుంది, ఆయన బతుకు పోతుంది. ఎటు తిప్పి చూసినా మిగిలిన దారి ఒక్కటే. ఆ దారి మా అంగడి మీదుగా పోతుంది. మా నాయన ఫోటో ముందు నాలుగు రోజులు కూర్చున్నాను. ఒక్క బెల్టు కూడా చెడ్డదని ఒప్పుకోని మనిషి ఆయన. ఒప్పుకోవాల్సిన సరుకు ఎన్నడూ తెప్పించని మనిషి.

ఐదో రోజు టీ వేళకు సుగుణమ్మ షెడ్డుకు పోయాను. కొత్త ఫ్యాన్లు రెండూ గోడలో నిదానంగా తిరుగుతున్నాయి. షెడ్డులో మనిషి మాట మనిషికి వినిపిస్తోంది. పాత ఫ్యాను ఉన్నప్పుడు అట్లా ఉండేది కాదు. ఫ్యాన్ల రెక్కలు తుడవడానికి పోతులయ్య వచ్చి ఉన్నాడు. ఒక ఫ్యాను ఆపి, నిచ్చెన మీద నిలబడి, మాకు వీపు పెట్టి పని చేసుకుంటున్నాడు. ఎడమ అరచెయ్యి గోడకు ఆనించి ఉంది. ముప్పై మంది ఆడవాళ్ళూ టీ గ్లాసులతో కూర్చున్నారు. సుగుణమ్మ కుర్చీలో ఉంది.

అందరికీ వినపడేట్టు, ఆయనకు వినపడనట్టు చెప్పాను.

"అమ్మా సుగుణమ్మా, పోయినేడు నీకిచ్చిన బెల్టు చెడ్డది. రేకుల కొట్టంలో ఎండకు రెండేండ్లు పడి ఉండిన సరుకు. తెలిసే ఇచ్చినా. అట్లాంటివి అరవకుండానే తెగిపోతాయి. పోతులయ్య తప్పేం లేదు. కంపెనీవాళ్ళ కాడ దుడ్లు తిన్యాడని నేను చెప్పింది కూడా అబద్ధం. నా తప్పు బయట పడకుండా చెప్పినా."

సుగుణమ్మ నన్ను కిందినుంచి మీదికి చూసింది. వ్యాపారంలో నలభై ఏళ్ళున్న మనిషి, అంత సులభంగా నమ్ముతుందా?

"అరవకుండా తెగే బెల్టు నేను యాడా చూడలేదే భాస్కరా. సరే, వీళ్ళంతా ఈడే ఉండిరి కదా" అని ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఏమే, ఆ బెల్టు అరిచిందా, లేదా?"

నేను ఆడవాళ్ళ వైపు చూశాను. ముప్పై జతల చెవులు. నాలుగు రోజులు ఆ అరుపు విన్న చెవులు. ఈ సంగతి నేనెందుకు ముందుగా ఆలోచించలేదో నాకే తెలియదు.

బాలనాగమ్మ గూళ్ళు ఏరుతూ కూర్చుని ఉంది. వంగని రెండు వేళ్ళు బయటికి పెట్టి, మిగిలిన మూడింటితో గూడు పట్టుకుని ఉంది. తల ఎత్తకుండానే అంది.

"లేదమ్మా. అరవలేదు."

ఆమె పక్కామె, "అరవలేదమ్మా" అంది. ఆ వెనకామె అదే అంది. వరసలో ఒకరి తర్వాత ఒకరు, కొత్తగా చేరిన పిల్లతో సహా, ఎవరూ అరుపు వినలేదన్నారు. సుగుణమ్మ అందరి మొహాలూ చూసింది. నిచ్చెన మీది మనిషి వీపు వైపు చూసింది. ఇంకేమీ అడగలేదు.

నేను బాలనాగమ్మ పక్కనుంచి పోతుంటే మెల్లగా, "ఆయప్పకు ఇనపడదని మాకు ఆ పొద్దే తెల్సింది శెట్టీ" అంది. "అరిచి సావాల్సింది నేను. ఆయన లేయలేదని నేనూ కూర్చుంటి. ఆయప్ప తప్పు లేదని నువ్వొచ్చి చెప్తావని పదకొండు నెల్లు చూస్తిమి."

అప్పుడు పోతులయ్య పని ముగించుకుని నిచ్చెన దిగాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ తలెత్తి చూస్తే, షెడ్డులో ఉన్నవాళ్ళందరూ ఆయన్నే చూస్తున్నారు. గుడ్డ చేతిలోనే ఆగిపోయింది. గబగబా రెండు ఫ్యాన్ల వైపూ చూశాడు.

"ఏంది శెట్టీ, అందరూ నా దిక్కు చూస్తాండారు? ఏమన్నా అరుస్తాండాదా?" అన్నాడు.

నేను దగ్గరికెళ్ళి, ఆయన చెవి పక్కన నోరు పెట్టి, "ఏమీ లేదప్పా. అంగడికి రా, టీ తాగుదాం" అన్నాను.